బీపీ నార్మల్‌కి వచ్చిందని నాన్నగారు బిళ్ళ మానేశారు, ఎలా ఒప్పించాలి?

సిరి_రామచంద్రపురం
అందరికీ నమస్కారమండి. మా నాన్నగారికి 64 ఏళ్ళు, రిటైరైన తెలుగు మేష్టారు. ఆయనా అమ్మా రామచంద్రపురం దగ్గర ఊళ్ళో ఉంటారు, నేను బెంగళూరులో. మూడేళ్ళ కిందట బీపీ 170/100 ఉందని డాక్టరు గారు బిళ్ళ మొదలుపెట్టారు. అప్పట్నుంచీ 130 దగ్గరే ఉంటోంది. మొన్న ఫోన్లో మాటల మధ్య అమ్మ చెప్పింది, నెల రోజులుగా వేసుకోవట్లేదట. అడిగితే “నార్మల్‌కి వచ్చేసిందిగా, ఇంకా ఎందుకు? మానేశాక నాలుగో రోజున చూపించుకున్నాను, 132 ఉంది” అన్నారు. ఆ తర్వాత మళ్ళీ చూపించుకోలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు కూడా తలనొప్పి లేదు కదా, కళ్ళు తిరగట్లేదు కదా, పర్లేదన్నారట. నేను గట్టిగా మాట్లాడితే ఫోను అమ్మ చేతికిచ్చేస్తున్నారు. బడిలో వందల మందికి పాఠం చెప్పిన మనిషికి నేనేం చెప్పి ఒప్పించను? ఇలాంటిది ఎదురైనవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలమూరోడు
అక్కా, నువ్వు జెర తొందరపడు. మా బాపు గిట్లనే గోలీలు ఆపిండు. మంచిగనే ఉన్న కదా అన్నడు, పొలం పని జేసుకున్నడు, ఒక్కనాడు తల నొయ్యలే. ఓ పొద్దున చాయ్ గ్లాసు చేతిల నుంచి జారిపడ్డది. నోరు ఒక దిక్కుకు వంగింది, మాట ముద్ద ముద్దగొస్తున్నది. ఊర్ల పెద్దమనుషులు పసరు మందుకు తీస్కపొమ్మన్నరు, ఆడికే తీస్కపోయిన్రు. దవాఖానకు చేరేసరికి పొద్దు గూకింది. స్కాన్ జేసినంక పక్షవాతమని, మెదడుల గడ్డ కరిగించే సూది ఇయ్యనీకి టైము దాటిపోయిందని డాక్టర్ చెప్పిండు. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తడు, కుడి చెయ్యి పని చెయ్యదు. మీ నాయినకు నా మాటగ ఇది చెప్పు.

గుంటూరు_వెంకట్
పాలమూరు సోదరా, మీ నాన్నగారి సంగతి విని బాధేసింది. కానీ ఇంకో వైపు కూడా చూడాలని నా మనవి. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగుతూనే ఉండాలి, ఒళ్ళు బిళ్ళకి అలవాటుపడిపోతుంది, చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి అని అందరూ అంటారు. మా బాబాయి ఉప్పు తగ్గించి, రోజూ పొద్దున్నే నడిచి, బరువు బాగా దించుకుని బిళ్ళ మానేశాడు. ఇప్పటికీ 120 లోపే ఉంది. మేష్టారు గారు కూడా అలా చేస్తే తప్పేముంది?

ఖమ్మం_ఫిజీషియన్
నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. రోజూ ఓపీలో నడిచే సంభాషణే ఇది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వెంకట్ గారూ, మీ బాబాయి చేసింది మంచి పని. బరువు బాగా తగ్గినవాళ్ళలో, ఉప్పు నిజంగా తగ్గించినవాళ్ళలో కొందరికి మందు తగ్గించగలం, అరుదుగా ఆపగలం కూడా. కానీ అది నెలనెలా కొలుస్తూ, మెట్టు మెట్టుగా దించే పని. మేష్టారు గారి విషయంలో ఆ 130 బిళ్ళ వేసుకోబట్టి వచ్చింది. బీపీ టాబ్లెట్‌కి ఒళ్ళు “అలవాటు పడటం” అంటూ ఉండదు. లోపల ఉన్న జబ్బు అలాగే ఉంటుంది కాబట్టి మందు పోగానే అంకె మళ్ళీ పైకి పోతుంది. ఇక కిడ్నీల విషయం సరిగ్గా తిరగేసి చెప్పుకుంటున్నాం. ఏళ్ళ తరబడి అదుపులో లేని బీపీయే కిడ్నీలను పాడుచేస్తుంది.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదన్న మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది. 180 ఉన్నవాళ్ళు నవ్వుతూ నడిచొచ్చి నా ఎదురుగా కూర్చుంటారు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు మూడింట ఒక వంతు మందికి అధిక రక్తపోటు ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. కొలిపించుకుంటేనే బయటపడుతుంది.

సిరి గారూ, ముందు ఆయన ఏ బిళ్ళ వేసుకునేవారో స్ట్రిప్ మీద పేరు చూసి చెప్పండి. కాళ్ళ వాపులు, పొడి దగ్గు, లేచి నిలబడితే తూలడం ఉన్నాయేమో అడగండి. మోకాళ్ళకో నడుముకో నొప్పి బిళ్ళలు వాడుతున్నారేమో కూడా. నా అనుభవంలో “నార్మల్ వచ్చింది కాబట్టి మానేశాను” అన్నవాళ్ళలో చాలామందికి చెప్పని కారణం ఇంకోటి ఉంటుంది.

ఫార్మసీ_ప్రొద్దుటూరు
డాక్టరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను మందుల షాపులో ఇరవై ఏళ్ళ పైనుంచి ఉండాను. నెలనెలా వచ్చేవాళ్ళు ఒక నెల రాకపోతే నాకు తెలిసిపోతాది. తర్వాత కనపడినప్పుడు అడిగితే “దగ్గు వస్తాంది సార్”, “రాత్రి నాలుగు మార్లు లేయాల్సొస్తాంది”, “కాళ్ళు ఉబ్బుతాండాయి” అంటారు. ఆ మాట డాక్టరుకు మాత్రం చెప్పరు, ఆయన తిడతాడని. దేనికదే వేరే మందు ఉంది. ఎనాలాప్రిల్, రామిప్రిల్ రకాలతో కొందరికి ఒకటే పొడి దగ్గు వస్తాది, దగ్గు సిరప్పులు ఎన్ని తాగినా పోదు. డాక్టరు టెల్మిసార్టన్ లాంటిదానికి మారిస్తే రెండు మూడు వారాల్లో తగ్గిపోతాది. ఉచ్చ ఎక్కువ పోయించే మాత్రను రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు, దాన్ని పొద్దున్నే వేసుకోవాల.

ఇంకో మాట. స్ట్రిప్ మీద పేరు పక్కన అక్షరాలుంటాయి చూడండి. టెల్మిసార్టన్ పక్కన ఏఎం అని ఉంటే అందులో అమ్లోడిపిన్ కూడా కలిసుంటాది. హెచ్ అని ఉంటే ఉచ్చ పోయించే మందు కలిసుంటాది. “అదే టెల్మా ఇయ్యన్నా” అని వచ్చి ఏదో ఒకటి తీసుకుపోయేవాళ్ళు ఎంతమందో. పాత స్ట్రిప్ చేత పట్టుకునే రండప్పా.

సిరి_రామచంద్రపురం
డాక్టరు గారూ, మీరు అడగమన్నవి అమ్మతో అడిగించాను. మీరన్నది అక్షరాలా నిజమైంది. స్ట్రిప్ ఫొటో పంపింది, అమ్లోడిపిన్ 10. బిళ్ళ వేసుకునే రోజుల్లో సాయంత్రమయ్యేసరికి రెండు పాదాలూ మడమల దాకా వాచేవట. చెప్పులు విడిస్తే పట్టీ పడిన చోట గాడి అలాగే ఉండిపోయేదట. వేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా నిండేదని అమ్మ చెప్పింది. మా వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. వాళ్ళకీ కాళ్ళు వాచాయి కదా, తన కిడ్నీలు కూడా పోతున్నాయని నాన్నగారు లోలోపలే భయపడిపోయి, మాకెవరికీ చెప్పకుండా బిళ్ళ ఆపేశారు. ఆపాక వాపు తగ్గింది. దాంతో బిళ్ళ వల్లే కిడ్నీ పోతోందని ఖాయం చేసేసుకున్నారు.

మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్ కొనుక్కుంటున్నారట, వారానికి మూడు నాలుగుసార్లు.

ఖమ్మం_ఫిజీషియన్
ఇప్పుడు విషయం స్పష్టంగా ఉంది. అమ్లోడిపిన్ సన్నని రక్తనాళాలను వదులు చేస్తుంది. లోపలికి వచ్చే వైపు నాళం బాగా వదులవుతుంది, బయటికి పోయే వైపుది అంతగా కాదు. దాంతో నీరు కణజాలంలోకి ఊరి కిందికి, పాదాల్లోకి దిగుతుంది. 5 మిల్లీగ్రాముల కంటే 10 వేసుకునేవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. కిడ్నీ పాడవడం వల్ల వచ్చే వాపు కాదిది. నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయించే మాత్ర) వేసినా పెద్దగా తగ్గదు. మోతాదు తగ్గించడం, టెల్మిసార్టన్ జాతి మందు జతచేయడం, లేదా అసలు మందే మార్చడం, ఇవీ దారులు. ఏది సరిపోతుందో ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి. కానీ వాపు అన్నప్పుడు ఒక్కసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ చూపించండి, ఈసీజీ తీయించండి. ఆ రిపోర్టు నార్మల్ అని ఆయన కళ్ళతో చూసుకుంటే సగం భయం పోతుంది. మందు మానేశాక నాలుగో రోజున 132 ఉండటంలో కూడా వింత లేదు. అమ్లోడిపిన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, వారం పది రోజుల దాకా పని చేస్తూనే ఉంటుంది. అసలు అంకె తెలియాలంటే ఇవాళ కొలవాలి.

మీరు అడిగినది ఎలా ఒప్పించాలని కదా. బిళ్ళ వేసుకోమని చెప్పకండి. “మీ భయం నిజమే, వాపు బిళ్ళ వల్లే వచ్చింది, దానికి వేరే మందు ఉంది, డాక్టరుకి ఈ మాట చెబుదాం రండి” అనండి.

సోంపేట_తీరం
మాది ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. మా దగ్గర అది ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు విశాఖ దాకా పోయేవాళ్ళం. అందుకే మేష్టారు గారి భయం నాకు బాగా అర్థమైంది. కానీ ఆయన భయపడాల్సింది ఆ నొప్పి బిళ్ళకి. మా వైపు కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసి వచ్చి ఒళ్ళు నొప్పులకి రోజూ ఇవే మింగుతారు. క్యాంపుకి వచ్చిన ప్రతి డాక్టరూ మొదట చెప్పే మాట నొప్పి బిళ్ళలు మానమనే. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, బీపీని కూడా పెంచుతాయి.

ఖమ్మం_ఫిజీషియన్
సోంపేట మిత్రులు చెప్పింది ముఖ్యం. మరీ ప్రమాదం ఎక్కడంటే టెల్మిసార్టన్, నీళ్ళ బిళ్ళ, నొప్పి బిళ్ళ మూడూ ఒకే మనిషి వాడితే. ఎండలో నీరు తక్కువైన రోజున కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మోకాళ్ళకి పారాసిటమాల్, పైపూత మందు, తొడ కండరాలకి వ్యాయామం, ఇవి ముందు చూడాలి.

నర్సక్క
నేను ఉపకేంద్రంలో ఏఎన్ఎమ్‌ని. కొలిచే పద్ధతి గురించి రాయకుండా ఉండలేకపోతున్నా, ఎందుకంటే తప్పు కొలత మీద మందు పెంచడం, మానేయడం రెండూ చూస్తున్నా.

మా దగ్గరికి ఎండలో నడిచొచ్చి, మెట్లెక్కి, ఆయాసపడుతూ చెయ్యి చాపుతారు. ముందు అయిదు నిమిషాలు కూర్చోమంటాను. వీపు కుర్చీకి ఆనాలి, రెండు పాదాలూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వద్దు. చొక్కా చెయ్యి మీదుగా పట్టీ చుట్టకూడదు, ఉత్త చెయ్యికే చుట్టాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా ఎక్కువే చూపిస్తుంది. కాఫీ, టీ, బీడీ తాగిన అరగంట దాకా చూడను. అన్నిటికంటే కష్టం మాట్లాడకుండా కూర్చోబెట్టడం, పట్టీ బిగుస్తుంటే కోడలి గురించి చెబుతూనే ఉంటారు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ వస్తుంది, పెద్ద పట్టీ అడగాలి. నిమిషం ఆగి రెండోసారి కూడా చూడాలి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఎప్పుడూ చూడాలి.

30 ఏళ్ళు దాటిన అందరికీ మేం బీపీ, షుగర్ ఉచితంగా చూస్తాం, పీహెచ్‌సీలో బిళ్ళలు కూడా ఉచితం. అమ్మగారిని ఆయనతో కలిసి రమ్మనండి. భార్యకి కూడా చూస్తామంటే మగవాళ్ళు తొందరగా కదులుతారు.

డల్లాస్_శ్రీవల్లి
మా అత్తగారు విజయవాడలో, మేం ఇక్కడ. పై చేతికి చుట్టే డిజిటల్ మిషన్ కొనిచ్చాం. మణికట్టు మిషన్ వద్దని మా డాక్టర్ చెప్పారు, చెయ్యి ఎలా పెట్టామన్నదాన్ని బట్టి అంకె మారిపోతుందట. డాక్టరు ముందు ఎప్పుడూ 160 వచ్చేది, ఇంట్లో 128. తెల్ల కోటు చూస్తే పెరిగే రకం అన్నమాట. ఇంటి అంకెలు రాసిన నోటు పుస్తకం చూపించాక డాక్టరు ఆవిడకి మందు పెంచకుండా ఆగారు. వారం పాటు పొద్దున బిళ్ళకి ముందు, రాత్రి పడుకునే ముందు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయమన్నారు. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క, ఆసుపత్రిలో అయితే 140/90. మిషన్ని ఏడాదికోసారి డాక్టరు దగ్గరి మిషన్‌తో పోల్చి చూడండి.

గుంటూరు_వెంకట్
డాక్టరు గారూ, కిడ్నీల గురించి చెప్పినందుకు థాంక్సండి, ఆ మాట ఇన్నాళ్ళూ నేను కూడా నలుగురికీ చెబుతూ వచ్చాను. ఇంకో రెండు సందేహాలు. సర్పగంధ అనే ఆయుర్వేద మూలికకి బీపీ తగ్గించే గుణం ఉందంటారు కదా, అది ఎందుకు వాడరు? మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం వాడొచ్చా?

ఖమ్మం_ఫిజీషియన్
సర్పగంధ సంగతి నిజమే. బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని మీద వ్యాసం రాశాకే ప్రపంచమంతా దానివైపు చూసింది. దాంట్లోంచి తీసిన రిసర్పిన్ కొన్నేళ్ళు ప్రపంచమంతటా వాడారు. తర్వాత అంతకంటే తేలిగ్గా పడే మందులు రావడంతో వెనకబడింది. దిగులు, మగత, ముక్కు దిబ్బడ వంటివి దానితో కనిపించేవి. కాబట్టి పొడి రూపంలో, మోతాదు తెలియకుండా, ఇప్పుడు వేసుకుంటున్న బిళ్ళల మీద కలిపి వాడకండి.

సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు మారింది, సోడియం మారలేదు. “లో సోడియం” ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యవంతులకి అది మేలే, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, టెల్మిసార్టన్ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే సుమారు ఒక టీస్పూను. కూరలో ఉప్పు తగ్గించామని చెబుతారు గానీ, ఆవకాయలో కారం, ఆవపిండితో దాదాపు సమానంగా ఉప్పు పోస్తాం. అన్నంలో పెద్ద ముద్ద కలిపి, పక్కన ఊరమిరపకాయ, అప్పడం, చివర ఉప్పు వేసిన మజ్జిగ. ఎండు చేపల పులుసున్న రోజు ఇక చెప్పక్కర్లేదు. మొత్తానికి మానమని నేను ఎవరికీ చెప్పను, మానరు కాబట్టి. వారంలో రెండు మూడు రోజులకి, నంజుకునేంతకి తగ్గించండి. మజ్జిగలో ఉప్పు బదులు నిమ్మాకు, అల్లం వేసుకోండి.

సిరి_రామచంద్రపురం
నిన్న నాన్నగారు పీహెచ్‌సీకి వెళ్ళారు, నర్సక్క చెప్పినట్టు అమ్మ కూడా తనకి చూపించుకోవాలని బయల్దేరింది. కూర్చోబెట్టి రెండుసార్లు చూశారు, 172/98. అమ్మకి కూడా 150/92, అది ఎవరూ అనుకోలేదు. క్రియాటినిన్ 0.9, నార్మలే వచ్చింది. ఆ కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారట. డాక్టరు గారు అమ్లోడిపిన్ 5కి తగ్గించి టెల్మిసార్టన్ కలిపి రాశారు, రెండు వారాలకి మళ్ళీ రమ్మన్నారు. పాలమూరు తమ్ముడి నాన్నగారి సంగతి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆయన ఇప్పుడెలా ఉన్నారని అడిగారు.

ఫార్మసీ_ప్రొద్దుటూరు
మంచి కబురు. అయితే ఒక జాగ్రత్త, టెల్మిసార్టన్ మాత్రలు తేమ పీల్చుకుంటాయి. వారానికి సరిపడా స్ట్రిప్‌లోంచి తీసి డబ్బాలో పెట్టకండి, కోనసీమ గాలికి మెత్తబడి పొడవుతాయి. వేసుకునేటప్పుడే రేకు చించండి. ఒకరోజు మరిచిపోతే మరుసటి రోజు రెండు వేసుకోకూడదు.

హైదరాబాద్_అనూష
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాకు 31 ఏళ్ళు, రెండేళ్ళుగా టెల్మిసార్టన్ వాడుతున్నా. ఇప్పుడు పిల్లల కోసం అనుకుంటున్నాం. ఇదే కొనసాగించొచ్చా?

ఖమ్మం_ఫిజీషియన్
లేదమ్మా. గర్భం వచ్చాక టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనాలాప్రిల్, రామిప్రిల్ జాతి మందులేవీ వాడకూడదు, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. అలాగని ఉన్నట్టుండి ఆపేయకండి. నెల తప్పకముందే, ఈ వారంలోనే మీ డాక్టర్ని కలిసి ఆ విషయం చెప్పండి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటి, గర్భంలో వాడదగ్గ మందుకి మారుస్తారు.

పాలమూరోడు
మేష్టారు సారుకు నా నమస్కారం చెప్పు అక్కా. బాపు ఇప్పుడు రోజు గోలీలు ఏస్కుంటున్నడు, నేనే చేతిల పెడ్త. డాక్టర్ సాబ్, ఒక్కటి అడుగుత. ఎండకాలంల మా దిక్కు ఎండలు మస్తు కొడ్తయి. పోయిన ఏడు మే నెలల బాపు లేసి నిలబడంగనే కండ్లు బైర్లు కమ్మి పడబోయిండు, బీపీ 100 ఉండె. అసుంటప్పుడు గోలీ ఆపాల్నా? మల్ల బీపీ ఒక్కసారి ఎక్కువైతే నాలుక కింద పెట్టే గోలీ ఉంటదంటరు, అది ఇంట్ల పెట్టుకోవాల్నా?

ఖమ్మం_ఫిజీషియన్
ఎండాకాలంలో రక్తనాళాలు వదులై, చెమట పట్టి బీపీ కొంత తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్ రాగానే బాపుని ఒకసారి డాక్టరుకి చూపించి మోతాదు సరిచూపించండి. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూడమనండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే మందు మార్చాల్సి ఉంటుంది. ప్రొస్టేట్‌కి వాడే కొన్ని మందులు కూడా ఇలా తూలిస్తాయి, అవి వాడుతుంటే చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం ఫోన్ చేసి అడగండి. అలాంటప్పుడు టెల్మిసార్టన్, నీళ్ళ బిళ్ళ ఒకటి రెండు రోజులు ఆపమని మేమే చెబుతాం, తేరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళు నీళ్ళ బిళ్ళ మీద ఉండి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే సోడియం పరీక్ష చేయించండి.

నాలుక కింద నిఫెడిపిన్ మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు, ఎవరిచ్చినా వద్దనండి. బీపీ దబ్బున పడిపోయి మెదడుకీ గుండెకీ రక్తం చాలక, దేనికి భయపడ్డామో అదే జరగొచ్చు. 180/120 దాటినా ఏ ఇబ్బందీ లేకపోతే పడుకోబెట్టి అరగంట ఆగి మళ్ళీ చూసి, అదే రోజు డాక్టర్ని కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. మొదలైన టైము గడియారం చూసి రాసుకోండి, గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. నోట్లో నీళ్ళు గానీ బిళ్ళలు గానీ పెట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.